పళ్ళు ఊడడం వయస్సు తప్పు కాదు



గత నెల ఈ శీర్షికలో మోకాళ్ళ నొప్పులను గూర్చి వ్రాశాము. దానిని చదివిన ఒక సహోదరుడు, "కాళ్ళ సంగతి సరే, మా అమ్మ నోటిలో పళ్ళు లేక ఏమీ తినలేకపోతున్నది. ఆ సంగతి కూడా వ్రాయండి" అని కోరారు. ఆ ఉత్తరము చదివినప్పుడు మాకు మా సంఘములోని ఒక అవ్వ గుర్తుకు వచ్చింది. ఆమె విషయములో మేము చేసిన పొరపాటు కూడా గుర్తుకు వచ్చింది. దానితోనే మొదలు పెడతాము.

2024 డిసెంబరు 25వ తేదీకి మెదక్ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగి నూరేండ్లు నిండినవి. మా జగదేవ్‌పూర్ ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది గాని, 2016 వరకు మెదక్ జిల్లాలోనిదే. మా పెద్దలకు మెదక్ గుడి అంటే పుట్టింటి వంటిది. గనుక ఆ పండుగకు మా సంఘస్థులు బండి మాట్లాడుకొని బయలుదేరారు. ఈ అవ్వ మాత్రము రానన్నది. చిన్ననాటి నుండి తండ్రి వెంట, తరువాత భర్త వెంట మెదక్ వెళ్ళిన మనిషి ఆమె. ఎందుకు రావని అడిగితే, "నాకెందుకు బిడ్డా, మీరు పోయి రాండ్రి. అందరి నడుమ కూసొని బువ్వ మింగలేక తిప్పలు పడితే ఏం బాగుంటది?" అన్నది. చీర కొంగు నోటికి అడ్డము పెట్టుకొని మాట్లాడింది.

మేము ఏమన్నామో తెలుసా? "వయస్సు మీద పడ్డది గద అవ్వా, ఏం చేస్తాం" అన్నాము. అని బండి ఎక్కాము.

రెండు నెలల తరువాత ప్రార్థన కూడికకు వాళ్ళ ఇంటికి వెళ్ళాము. అవ్వ సగమైపోయింది. కోడలు చెప్పిన మాటలు ఇవి: "జొన్న రొట్టె ముట్టుతలేదు. కూరల ముక్కలన్నీ పక్కకు పెడుతది. పొద్దున చాయల బ్రెడ్డు, రాత్రి చాయల బ్రెడ్డు. దావఖానకు పోదాం అత్తమ్మా అంటే, కాటికి కాళ్ళు జాపినదానికి పండ్లెందుకు అంటది." టార్చి వేసి నోరు చూస్తే, క్రింద కదులుతున్న పళ్ళు ఆరేడు, పైన విరిగిన వేళ్ళు మూడు నాలుగు, వాటి చుట్టు చీము ఉన్నవి. కొన్ని ఏండ్ల క్రితం ఒక అంగడిలో ఎవరో ప్రక్క పళ్ళకు అంటించి పెట్టిన కట్టుడు పన్ను ఒకటి అలాగే ఉన్నది. దాని క్రింద చిగురు కుళ్ళిపోయి వాసన వస్తున్నది. ఆమె ఎన్ని రాత్రులు ఆ నొప్పితో పడుకున్నదో దేవునికే తెలియాలి. మేము వారము వారము ఆమె ప్రక్కనే కూర్చొని ఆరాధన చేసిన వారమే. ఒక్కనాడైనా అడగలేదు.

గనుక ఈ నెల వ్రాయబోవునది పెద్దలకు ఎంత అవసరమో, పెద్దలు ఇంటిలో ఉన్న కొడుకులకు, కోడళ్ళకు, మనుమలకు అంతకన్న ఎక్కువ అవసరము.

తిరగలి ఆగిపోతే

ప్రసంగి గ్రంథము 12వ అధ్యాయములో వృద్ధాప్యమును ఒక పాత ఇంటితో పోల్చిన భాగము మీరు చదివే ఉంటారు. అక్కడ తిరగలి విసరే స్త్రీలు తగ్గిపోవుట అన్న పోలిక పళ్ళను గూర్చినదే అని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. పల్లెటూరి వారికి ఈ పోలిక వివరించనక్కర లేదు. తిరగలి ఆగితే పిండి లేదు, పిండి లేకపోతే రొట్టె లేదు.

నోటి సంగతి కూడా అంతే. నమలలేని మనిషి మొదట మాంసము మానివేస్తాడు. తరువాత పల్లీలు, శనగలు, జొన్న రొట్టె, పచ్చి కూరగాయలు, జామపండు మానివేస్తాడు. మెత్తని అన్నము, చాయ, బ్రెడ్డు, బిస్కెట్లు మిగులుతాయి. వీటిలో కండకు, రక్తమునకు కావలసిన బలము తక్కువ, తీపి ఎక్కువ. బలము తగ్గి మనిషి తూలిపడతాడు. షుగరు ఉన్నవారికి షుగరు పెరుగుతుంది. మనము మాత్రము "ముసలితనము" అంటాము.

అసలు వయస్సు వలన పళ్ళు ఊడవు. ఈ మాట మరొకసారి చదవండి. పెద్దవారికి జ్ఞాన దంతాలతో కలిపి 32 పళ్ళు. వయస్సుతో అవి కొంత అరుగుతాయి, రంగు కొంత పసుపు అవుతుంది. అంతేగాని ఊడి పడిపోవలెనని నియమమేమీ లేదు. ఊడేది రెండు జబ్బుల వలన: ఒకటి చిగుళ్ళ జబ్బు, రెండవది పిప్పి పన్ను. ఈ రెండూ చాలా వరకు ఆపగలిగినవే.

జపాను దేశములో 1989లో ఒక ఉద్యమము మొదలు పెట్టారు. 80 ఏండ్ల వయస్సులో కనీసము 20 సొంత పళ్ళు నిలుపుకొనవలెను అన్నది దాని గురి. ఇరవై పళ్ళు ఉంటే మామూలు భోజనము చాలా వరకు నమలవచ్చును. ఆ రోజులలో అక్కడ 80 ఏండ్ల వారిలో పదిమందిలో ఒక్కరికి కూడా 20 పళ్ళు ఉండేవి కావు. 2016లో ఆ దేశ ప్రభుత్వము లెక్క చూస్తే సగము మందికి పైగా ఉన్నవి. జపాను వారి వయస్సు తగ్గలేదు, ఇంకా పెరిగింది. మారినది అలవాటు.

లోపల జరిగేది ఏమిటి?

తిన్న తరువాత పళ్ళ మీద, సందులలో జిగటగా ఒక పొర పేరుకుంటుంది. దీనినే పాచి అంటాము. అందులో కంటికి కనిపించని క్రిములు కోట్ల కొలది ఉంటాయి. రోజూ తోమి తీసివేయకపోతే కొద్ది దినాలలోనే అది గట్టిపడి గార అవుతుంది. పాచి బ్రష్షుకు వస్తుంది, గార రాదు. దానిని పళ్ళ డాక్టరు దగ్గర తీయించుకొనవలసినదే.

గార చేరిన చోట చిగురు వాచి, తోముకునేటప్పుడు రక్తము వస్తుంది. రక్తము చూచి చాలామంది అక్కడ తోమడము మానివేస్తారు. ఇది పెద్ద పొరపాటు. తోమనందుకే రక్తము వచ్చింది. ఇంకా మానితే జబ్బు లోపలికి దిగి పన్నును పట్టి ఉంచిన ఎముకనే తినివేస్తుంది. గోడ క్రింద మట్టి కొట్టుకుపోతే గోడ ఎంత గట్టిదైనా నిలువదు గదా! పన్ను పుచ్చిపోకుండానే కదిలి ఊడిపోవుట ఇందువలననే. ఈ జబ్బు చాలాకాలము నొప్పి లేకుండానే సాగుతుంది. పన్ను కదిలినప్పుడు గాని మనము మేలుకోము.

రెండవది పిప్పి పన్ను. ఇది పిల్లలకే వస్తుందని అనుకుంటాము. వయస్సుతో చిగుళ్ళు క్రిందికి జారినప్పుడు పన్ను వేరు బయటపడుతుంది. పన్ను పైభాగమునకు ఉన్న గట్టి కవచము వేరుకు ఉండదు. గనుక వేరు తొందరగా పుచ్చిపోతుంది. అరవై దాటినవారికి చిగురు అంచున నల్లగా గాటు పడినట్లు కనిపించేది ఇదే. ఆ దశలో చూపిస్తే నింపి నిలుపవచ్చును.

నోరు ఎండిపోతున్నదా?

ఉమ్మి అంటే మనకు చులకన. కాని అది దేవుడు నోటికి ఇచ్చిన కాపలా. పళ్ళను కడుగుతుంది, పులుపును విరుస్తుంది, ముద్ద మింగడానికి సహాయపడుతుంది. పెద్దవారు వాడే మందులలో కొన్ని, అనగా బి.పి.కి, నిద్రకు, మనోవ్యాధికి, జలుబుకు ఇచ్చే కొన్ని మాత్రలు, నోటిని ఎండబెడతాయి. షుగరు కూడా ఎండబెడుతుంది. ఎండిన నోటిలో పళ్ళు త్వరగా పుచ్చుతాయి. దీనికి విరుగుడుగా కొందరు చప్పరింపు బిళ్ళలు, బెల్లము ముక్క నోటిలో పెట్టుకుంటారు. అది మంటలో నూనె పోసినట్లే. కొద్దికొద్దిగా నీళ్ళు త్రాగుతుండవలెను. మాత్రలను సొంతముగా మానకూడదు. డాక్టరుతో చెప్పితే మార్చగలిగినవి మారుస్తారు.

షుగరు ఉన్నవారికి మరొక మాట. షుగరు ఎక్కువైతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోనికి రాదు. ఒకదానిని ఒకటి ఎగదోస్తాయి. ఎన్ని మందులు వాడినా షుగరు దిగనివారు ఒకసారి నోరు కూడా చూపించుకోవలెను.

పందుంపుల్ల మంచిదేనా?

మంచిదే. వేపపుల్ల, కానుగపుల్ల మన తాతలు వాడినవే. కొసను బాగా నమిలి కుంచెవలె మెత్తగా చేసుకొని, చిగురు నుండి పన్ను అంచు వైపుకు మెల్లగా తోముకుంటే హాని లేదు. అయితే ముందు పళ్ళు తోమినంత బాగా వెనుక దవడ పళ్ళను, లోపలి వైపును పుల్ల తోమదు. అందుకని రాత్రి పూట మెత్తని బ్రష్షుతో తోముకుంటే మేలు.

ఇటుక పొడి, బొగ్గు పొడి, బూడిద, ఇసుక, గరుకు ఉప్పు వాడకండి. తెల్లగా కనిపించేది పన్ను అరిగినందుకే. అరిగిన కవచము తిరిగి పెరుగదు.

పొగాకు కలిపిన పళ్ళపొడి అసలే వద్దు. పొగాకు కలిపిన పళ్ళపొడులను, పేస్టులను మన ప్రభుత్వము 1992లోనే నిషేధించింది. అయినను పన్ను నొప్పికి తంబాకు కాల్చి పొడిచేసి అద్దుకునే ఇండ్లు ఇంకా ఉన్నవి. నొప్పి తగ్గినట్లు తోస్తుంది, జబ్బు మాత్రము అలాగే ఉంటుంది. పన్ను నొప్పికి మొదలు పెట్టిన తంబాకు ముప్పై ఏండ్లయినా వదలని తల్లులను మేము చూశాము. నొప్పి ఉన్నచోట మాత్ర పెట్టుకొనుట, జిల్లేడు పాలు పోయుట కూడా చిగురును కాల్చి పుండు చేస్తాయి.

నీళ్ళ సంగతి

మన జగదేవ్‌పూర్ పాత నల్గొండ జిల్లా సరిహద్దుకు దగ్గర. నల్గొండ పేరు చెబితే ఫ్లోరైడు గుర్తుకు రాని వారుండరు. మన దేశములో ఈ జబ్బును మొదట 1937లో నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి వ్రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బోరు నీళ్ళలో అది మించిన ఊళ్ళు మన వైపు ఎన్నో ఉండేవి. 2016 ఆగస్టు 7న మన గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే ప్రధానమంత్రి చేతుల మీదుగా మిషన్ భగీరథ ప్రారంభమైన సంగతి మీకు తెలిసినదే.

పెద్దవారు తెలుసుకొనవలసినది ఏమనగా, పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చిన్నతనములో, చిగురు లోపల పళ్ళు తయారయ్యేటప్పుడు పడినవి. ముసలితనములో కొత్తగా రావు. తోమితే పోవు. వాటిని పోగొట్టుటకు ఇటుక పొడితో రుద్ది ఉన్న పళ్ళను పాడు చేసుకోవద్దు. మచ్చ ఉన్న పన్ను పనిచేయకపోదు. ఇక ఇప్పుడు పుట్టే మనుమల పళ్ళు బాగుండవలెనంటే బోరు నీళ్ళు గాక మంచి నీళ్ళు త్రాగించండి. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

రోజూ చేయవలసినవి

1. ఉదయము ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోముకోవలెను. రెండింటిలో రాత్రిది ముఖ్యము. నిద్రలో ఉమ్మి తగ్గుతుంది గనుక క్రిములకు అది పంట కాలము. రాత్రి తోమిన తరువాత నీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు.

2. మెత్తని బ్రష్షు, శనగగింజంత పేస్టు చాలును. ఫ్లోరైడు ఉన్న పేస్టు పెద్దవారి పన్ను వేరు పుచ్చకుండ కాపాడుతుంది. మ్రింగక ఉమ్మివేయవలెను. మూడు నెలలకు, లేక కుచ్చులు విచ్చుకున్నప్పుడు బ్రష్షు మార్చవలెను.

3. బలముగా రుద్దవద్దు. గిన్నె తోమినట్లు పళ్ళను తోమితే చిగురు జారిపోతుంది.

4. తిన్న ప్రతిసారి నీళ్ళు పుక్కిలించవలెను. చాయ త్రాగినా సరే. తీపి తినవలెనంటే భోజనముతో పాటు ఒకసారి తినండి గాని రోజంతా కొంచెము కొంచెముగా వద్దు.

5. పిన్నుతో, చీపురు పుల్లతో పళ్ళ సందులు కుట్టుకోవద్దు.

6. నొప్పి లేకపోయినను సంవత్సరమునకు ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించుకోవలెను. పళ్ళు లేనివారు కూడా చూపించుకోవలెను. నాలుక, బుగ్గలు, అంగిలి చూడవలసిన భాగములే గదా.

చేతులు వణికే పెద్దలకు బ్రష్షు పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసి ఇవ్వండి, పట్టు దొరుకుతుంది. పక్షవాతము వచ్చి మంచము పట్టినవారిని కొంచెము లేపి కూర్చుండబెట్టి, ఇంటివారే తోమవలెను. శుభ్రమైన తడిగుడ్డతో చిగుళ్ళు, నాలుక తుడువవలెను. వారి నోటిలోని మురికి ఊపిరితిత్తులలోనికి జారితే నిమ్ము చేస్తుంది. మంచము పట్టినవారికి అది ప్రాణము మీదికి తెస్తుంది. కాళ్ళు ఒత్తినట్లే, దుప్పటి మార్చినట్లే ఇది కూడా సేవయే.

కట్టుడు పళ్ళు

అంగట్లో, రోడ్డు ప్రక్కన అప్పటికప్పుడు పన్ను అంటించి ఇచ్చేవారి దగ్గరకు పోకండి. ప్రక్క పళ్ళకు అంటించి తీయరాకుండ పెట్టిన పన్ను క్రింద తిండి చేరి, చిగురు కుళ్ళి, బాగున్న పళ్ళు కూడా పోతాయి. మా అవ్వకు జరిగినది అదే. చదువుకున్న దంత వైద్యుని దగ్గరనే చేయించుకొనవలెను. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నది. అంత దూరము పోలేనివారు ముందుగా గజ్వేల్, సిద్దిపేట ప్రభుత్వ ఆస్పత్రులలో పళ్ళ డాక్టరు ఏయే దినములలో చూస్తారో అడిగి తెలుసుకొని వెళ్ళండి. ముసలివారిని తీసుకొనిపోయి ఊరికే త్రిప్పలు పెట్టకూడదు.

కట్టుడు పళ్ళు పెట్టిన మొదటి వారము పరాయివిగా ఉంటాయి. ఉమ్మి ఊరుతుంది, మాట తడబడుతుంది. నిరాశపడి డబ్బాలో పెట్టి అటక మీద వేయకండి. మెత్తని పదార్థములు, చిన్న ముక్కలు, రెండు ప్రక్కలా సమముగా నమలండి. మాట తిరుగుటకు రోజూ బైబిలులో ఒక అధ్యాయము గట్టిగా చదవండి. చదువురాని వారు తమకు వచ్చిన పాటలు పాడండి. ఎక్కడైనా ఒరుసుకొని పుండు పడితే బ్లేడుతో మీరే గీకవద్దు, చేసిన డాక్టరే సరిచేస్తారు.

రాత్రి వాటిని తీసి, మెత్తని బ్రష్షుతో సబ్బు నీళ్ళతో కడిగి, చల్లని నీళ్ళ గిన్నెలో ఉంచవలెను. వేడి నీళ్ళు పోస్తే వంగిపోతాయి. కడిగేటప్పుడు క్రింద నీళ్ళ గిన్నె గాని గుడ్డ గాని ఉంచుకుంటే చేజారినా విరుగవు. పళ్ళు పోయిన దవడ ఎముక ఏండ్లు గడిచే కొద్దీ అరిగిపోతుంది గనుక బాగా సరిపోయినవి కూడా కొంతకాలమునకు వదులవుతాయి. అప్పుడు సరిచేయించుకోవలెను. వదులు పళ్ళు ఒరుసుకొని పుండ్లు చేస్తాయి.

మానని పుండు

ఇది చదవకుండ పుట త్రిప్పవద్దు. నోటిలో పుండు రెండు వారములలో మానకపోతే డాక్టరుకు చూపించి తీరవలెను. తెల్లని మచ్చ, ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవుట, మెడలో గడ్డ, మింగుటకు కష్టము, కారణము లేకుండ పన్ను కదులుట ఉన్నా అంతే. మొదటి దశలో నొప్పి ఉండదు. నొప్పి లేదు గదా అని ఆగినవారే ఎక్కువ నష్టపోతారు.

తంబాకు, జర్దా, గుట్కా, బీడీ, చుట్ట, వక్క ఇవన్నీ నోటి క్యాన్సరుకు దారి. మన జిల్లాలో బీడీలు చుట్టి ఇల్లు నడుపుకొనే తల్లులు ఎందరో ఉన్నారు, వారి కష్టము మాకు తెలుసును. ఆకు చుట్టిన చేతులు కడుగకుండ నోటిలో పెట్టవద్దని మాత్రము వారిని బ్రతిమాలుచున్నాము. శ్రీకాకుళము, విశాఖ తీరపు పల్లెలలో కొందరు స్త్రీలు చుట్టను నిప్పు ఉన్న కొస నోటిలోపల ఉండునట్లు త్రిప్పి కాలుస్తారు. దానిని అడ్డపొగ అంటారు. వారికి అంగిలిలో క్యాన్సరు వచ్చుట వైద్యులు ఎన్నో ఏండ్లుగా చూచుచున్నారు.

మాకు తెలిసిన ఒక తాత బుగ్గ లోపల పుండు పడితే విరిగిన పన్ను గీరుకున్నదని ఐదు నెలలు ఊరుకున్నాడు. కొడుకు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రికి తీసుకొనిపోయే సరికి బుగ్గ, దవడ కొంత తీసివేయవలసి వచ్చింది. ఆయన బ్రతికి ఉన్నాడు, దేవునికి స్తోత్రము. కాని గుడిలో ఆయన గొంతు ఇప్పుడు వినబడదు. రెండు వారములలో చూపించి ఉంటే అంత దూరము పోకపోవునేమో.

మీ ప్రశ్నలకు మా జవాబులు

ప్రశ్న: పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయంటారు. నిజమేనా?

జవాబు: నిజము కాదు. పై పళ్ళకు వెళ్ళే నరము వేరు, చూపునిచ్చే నరము వేరు. పళ్ళు పీకించుకొనే వయస్సులోనే కళ్ళకు శుక్లములు వస్తాయి గనుక ప్రజలు రెండింటిని ముడిపెట్టారు. పై పన్నులో చీము ఉంచుకొనుటయే అపాయము. చూపు తగ్గితే కంటి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: గార తీయించుకుంటే పళ్ళు వదులవుతాయని, సందులు పడతాయని మా అత్తగారు వద్దంటున్నారు.

జవాబు: సందులు ముందునుండే ఉన్నవి, వాటిలో గార నిండి ఉన్నది. అది తీయగానే సందు కనిపిస్తుంది. గార పట్టుకొని నిలిచిన పన్ను అప్పటికే వేరు వదిలినదని అర్థము. కొద్ది దినములు చల్లని నీళ్ళకు జిల్లుమనవచ్చును, తగ్గిపోతుంది. మీ అత్తగారికి ఈ పుట చదివి వినిపించండి.

ప్రశ్న: మా నాయనకు షుగరు, బి.పి. ఉన్నవి. గుండెకు రక్తము పలుచబడే మాత్ర వాడుతున్నాడు. పన్ను పీకించవచ్చునా?

జవాబు: పీకించవచ్చును. అయితే ఆయన వాడే మందుల చీటీలన్నీ తీసుకొనివెళ్ళి పళ్ళ డాక్టరుకు ముందే చూపించండి. ఎముకల బలమునకు సూదులు వేయించుకున్నా, గుండె కవాటము జబ్బు ఉన్నా తప్పక చెప్పండి. రక్తము పలుచబడే మాత్రను మీకు మీరే ఆపకూడదు. దానిని ఆపితే గుండెకు వచ్చే అపాయము పన్ను నుండి కారే రక్తము కన్న పెద్దది. టిఫిను తిని, మామూలు మందులు వేసుకొని ఉదయము పూట వెళ్ళండి.

ప్రశ్న: డెబ్బై ఐదేండ్లు దాటిన తరువాత పళ్ళు కట్టించుకొనుట దండుగ కాదా?

జవాబు: రోజుకు రెండు పూటలు తినే మనిషికి పళ్ళు దండుగ ఎట్లవుతాయి? చినిగిన చెప్పులు మార్చుటకు మనము వయస్సు అడుగుతామా?

అవ్వ సంగతి

అవ్వను కోడలు ఒప్పించిన మాట మాకు నచ్చింది. "నువ్వు సరిగ తినకుంటే నేను తినెటట్లు లేదు అత్తమ్మా" అన్నదట. ఆ మాటకు అవ్వ బయలుదేరింది. డాక్టరు అంటించిన పన్నును, విరిగిన వేళ్ళను, కదిలే పళ్ళను కొన్ని విడతలుగా తీశారు. మానుటకు సమయమిచ్చి, కొలతలు తీసి కట్టుడు పళ్ళు ఇచ్చారు. మొదటి పది దినములు అవ్వ వాటిని తిట్టని తిట్టు లేదు. మనుమరాలు ప్రతి సాయంకాలము ప్రక్కన కూర్చొని పాటలు పాడించింది.

ఆ సంవత్సరము మా సంఘములో పంట పండుగ విందునాడు అవ్వ వరుసలో కూర్చున్నది. జొన్న రొట్టెను కూర పులుసులో కొంచెము నానబెట్టుకొని, మాంసము చిన్న ముక్కలుగా చేసుకొని తిన్నది. నిదానముగా, అందరూ లేచిన తరువాత లేచింది. మక్క కంకి మాత్రము కొరకలేకపోయింది. "గది ఇంక నా వంతు కాదు బిడ్డా, గింజలు ఒలిచి ఉడికిచ్చి పెట్టుండ్రి" అని నవ్వింది. ఆ నవ్వు కొంగు అడ్డము లేకుండ చూచి చాలా కాలమైనది. కట్టుడు పళ్ళు సొంత పళ్ళు కావు. సొంత పళ్ళు కొన్ని ఏండ్ల ముందే కాపాడుకోవలసినవి. అందుకే నలభై, యాభై ఏండ్లవారు ఈ పుట తమది కాదని అనుకోవద్దు.

ఈ వారము మీ ఇంటిలోని తాతను, అవ్వను, అమ్మను, నాయనను ఒక ప్రశ్న అడగండి: "నువ్వు ఏ ప్రక్కన నములుతున్నావు?" ఒక ప్రక్కనే అంటే రెండవ ప్రక్క ఏదో నొప్పి ఉన్నట్లు. ఏ ప్రక్కా కాదు, మింగుతున్నాను అంటే ఆలస్యము చేయకండి. తరువాత టార్చి పట్టి నోరు చూడండి. పెద్దలు తమ నొప్పిని తమంతట చెప్పరు, ఇంటివారికి ఖర్చు అని దాచుకుంటారు. మేము ఆ డిసెంబరులో ఈ ప్రశ్న అడిగి ఉంటే అవ్వ మాతో మెదక్ వచ్చి ఉండునో లేదో గాని, ఆ రెండు నెలల నొప్పి ఆమెకు తప్పేది.

వచ్చే నెల చెవుడును గూర్చి వ్రాయగోరుచున్నాము. ఆ విషయములో ప్రశ్నలుంటే ఉత్తరము వ్రాయండి.